చాట్స్‌వర్త్‌లో ఒక రోజు: చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి

మా అత్తమామలు మొదటిసారి ఇంగ్లండ్ వచ్చినప్పుడు వాళ్ళని లండన్‌లో మూడు రోజులు తిప్పాం. నాలుగో రోజు పొద్దున మా అత్త మంచం మీంచి లేవకుండానే, "ఇంక బిల్డింగులు చాలు తల్లీ, నాలుగు చెట్లున్న చోటికి తీసుకుపో" అంది. ఆ వారాంతం చాట్స్‌వర్త్ వెళ్ళాం. అప్పట్నుంచి మా ఇంటికి ఇండియా నుంచి ఎవరొచ్చినా అక్కడికి ఒకరోజు తప్పనిసరి. అలా వెళ్ళీ వెళ్ళీ నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

చాట్స్‌వర్త్ ఉన్నది డార్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ లోపల, డెర్వెంట్ నది ఒడ్డున. డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు అది. పేరులో డెవన్‌షైర్ ఉంది కదా అని డెవన్ వైపు వెతక్కండి, అది ఎక్కడో దక్షిణాన ఉంది. 1549లో బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే గట్టి ఇల్లాలు, ఆమె భర్త విలియం కావెండిష్ కలిసి ఈ భూమి కొన్నారు. ఇప్పుడు మనకి కనిపించే ఇల్లు చాలామటుకు మొదటి డ్యూక్ 1687 నుంచి 1707 దాకా కట్టించింది. ఇప్పటికీ అదే వంశం. ఇంటి చుట్టూ 105 ఎకరాల తోట, తోట చుట్టూ వెయ్యి ఎకరాల పార్కు, ఆ పైన పొలాలు, అడవి, ఊళ్ళు. మన పెద్దవాళ్ళకి "జమీందారు గారి దివాణం లాంటిది" అని చెప్తే ఇంక వేరే వివరణ అక్కర్లేదు.

ఒక్కరోజులో అంతా చూడలేం. చూడాలని పరిగెడితే పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్ళు మాట్లాడకుండా కూర్చుండిపోతారు. ఇంట్లో అందరికంటే చిన్నవాడి ఓపిక ఎంత, అందరికంటే పెద్దవారి మోకాళ్ళు ఎంతసేపు సహకరిస్తాయి, ఈ రెండూ చూసుకుని రోజంతా వాటి చుట్టూ అల్లుకోవాలి. కింద రాసిన ప్రతి సలహా వెనకా ఈ లెక్కే ఉంది.

1. తేదీ

ఇల్లు, తోట ఏడాది పొడుగునా తెరిచి ఉండవు. క్రిస్మస్ అలంకరణలు అయిపోయాక జనవరిలో మూస్తారు, మార్చిలో మళ్ళీ తెరుస్తారు. పార్కులో నడవడానికి మాత్రం ఎప్పుడైనా వెళ్ళచ్చు.

మే నెల, జూన్ మొదటి సగం నాకు అన్నిటికంటే ఇష్టం. రాత్రి తొమ్మిది దాటినా వెలుగుంటుంది, గొర్రెపిల్లలు ఇంకా తల్లుల వెంటే తిరుగుతుంటాయి, మే చివరి వారం స్కూలు సెలవులు తప్పిస్తే రద్దీ కూడా ఉండదు. ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళు ఎక్కువగా వేసవిలోనే వస్తారు కాబట్టి అదీ కలిసొస్తుంది. వీలైతే ఒకరు సెలవు పెట్టి వారం మధ్యలో వెళ్ళండి. బ్యాంక్ హాలిడే సోమవారాలు, అంటే దేశమంతా సెలవుండేవి, వద్దు. ఒకసారి అలాంటి రోజున వెళ్ళాం. పార్కు రోడ్డు మీద కార్ల వరసలోనే మా చిన్నవాడి నిద్ర టైమ్ అయిపోయింది. ఆ రోజు ఇంక ఏ ఆటా వాణ్ణి నవ్వించలేదు.

డిసెంబరులో ఇంటిని లైట్లతో, చెట్లతో అలంకరిస్తారు. అది వేరే అందం. కానీ సాయంత్రం నాలుక్కే చీకటి, పైగా చలి. తోట తీరిగ్గా చూసే వీలుండదు.

2. టికెట్లు

ముందు ఒక విషయం తెలుసుకోండి. పాత కట్టడాల్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ సభ్యత్వ కార్డు ఇక్కడ చెల్లదు, ఇంగ్లిష్ హెరిటేజ్ కార్డూ అంతే. చాట్స్‌వర్త్‌ని చూసుకునేది 1981లో పెట్టిన సొంత ట్రస్టు. కార్డు ఉంది కదా అని ధైర్యంగా బయల్దేరి, గేటు దగ్గర ఆగిపోయిన తెలుగు కుటుంబాలు నాకు తెలుసు.

టికెట్లు ఆన్‌లైన్లో కొనండి. ఇల్లూ తోటా కలిపి ఒక టికెట్, తోటకి విడిగా ఒకటి, పశువుల కొట్టం, ఆటస్థలం కలిపి ఇంకొకటి. ఇంటికి వెళ్ళే టైమ్ ముందే ఎంచుకోవాలి. పొద్దున దొరికే మొదటి స్లాట్ తీసుకోండి. కారు పార్కింగ్ సంగతి కూడా అప్పుడే చూసుకోండి. టికెట్‌ని ఫోనులో ఫొటోగా దాచుకోండి, ఆ లోయలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

పెద్దవాళ్ళు ఎక్కువ దూరం నడవలేకపోతే వీల్‌చైర్, తోటలో తిరిగే స్కూటర్, ఇంట్లో లిఫ్ట్ గురించి రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేసి అడగండి. ఈ మాట ఎత్తితే "నాకెందుకు వీల్‌చైర్, నేనేమన్నా ముసలాణ్ణా" అని మన నాన్నలు కోప్పడతారు. వాళ్ళతో వాదించకుండా బుక్ చేసేయండి. మధ్యాహ్నం మూడింటికి వాళ్ళే అడుగుతారు.

3. దారి

కారులో అయితే షెఫీల్డ్ నుంచి ముప్పావు గంట, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌ల నుంచి ఇంచుమించు గంటన్నర, లండన్ నుంచి మూడు గంటల పైనే. దక్షిణం నుంచి వచ్చేవాళ్ళు ఎమ్1 హైవే మీద 29వ జంక్షన్ దగ్గర దిగి చెస్టర్‌ఫీల్డ్ మీదుగా రావాలి. నావిగేషన్‌లో కొట్టాల్సిన పోస్ట్‌కోడ్ డిఇ45 1పిపి.

కారు లేకపోతే షెఫీల్డ్ నుంచి బేక్‌వెల్ వైపు వెళ్ళే 218 నంబరు బస్సు ఉంది. తిరుగు బస్సు టైమ్ చూసుకున్నాకే పొద్దున బస్సు ఎక్కండి. లండన్ నుంచి రైల్లో చెస్టర్‌ఫీల్డ్ దాకా సుమారు రెండు గంటలు, అక్కడి నుంచి ట్యాక్సీ మాట్లాడుకోవచ్చు. నలుగురైదుగురు ఉంటే ఆ ట్యాక్సీ ఖర్చు పెద్ద బరువనిపించదు.

పార్కులోకి వచ్చాక కారు నెమ్మదిగా నడపండి. గొర్రెలకి అది వాటి రోడ్డే.

4. సంచిలో ఏముండాలి

పులిహోర. దీని గురించి రెండో ఆలోచన అక్కర్లేదు. రాత్రే కలిపి పెట్టుకుంటే పొద్దుటికి పులుపు పట్టి ఇంకా బాగుంటుంది, వేడి చేసే పని లేదు, చెయ్యి ఎక్కువ అంటుకోదు, పిల్లలూ తింటారు. పెరుగన్నం అయితే పెరుగు తక్కువేసి పాలు ఎక్కువ పోసి కలపండి, మధ్యాహ్నానికి పులవకుండా సరిగ్గా తోడుకుంటుంది. అక్కడ కాఫీ హోటళ్ళు ఉన్నాయి, తిండి బాగానే ఉంటుంది, కానీ మన పెద్దవాళ్ళకి రెండు సాండ్‌విచ్‌లు భోజనం కింద లెక్క కాదు. టీ కోసం ఒక ఫ్లాస్కు. తోటలో పచ్చిక మీద కూర్చుని తినచ్చు. పొయ్యి, బార్బెక్యూ లాంటివి మాత్రం పెట్టకండి.

అరటిపళ్ళు కూడా పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

బట్టల్లో ముఖ్యం వాన జాకెట్టు, తడిస్తే మార్చుకోవడానికి పిల్లలకి ఇంకో జత ప్యాంటు, సాక్సులు, ఒక తువ్వాలు. మే నెలయినా సరే అమ్మలకి స్వెట్టరు తప్పనిసరి. చీర కట్టుకునేవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకుని, గ్రిప్పున్న బూట్లు వేసుకోవాలి. పచ్చిక వాలుగా, తడిగా ఉంటుంది, దానికి తోడు గొర్రెల పెంటికలు. చెప్పులతో వస్తే జారతారు.

5. ముందురోజు రాత్రి ఒక కథ

ఏ కథా తెలియకుండా వెళ్తే పిల్లలకి పెద్ద ఇల్లంటే ఉత్త గోడలే. అందుకే ముందురోజు నిద్రపుచ్చేటప్పుడు మా పిల్లలకి జోసెఫ్ పాక్స్‌టన్ కథ చెప్పాను.

రైతు కుటుంబంలో పుట్టిన కుర్రాడు, తోటమాలి. ఆరో డ్యూక్ అతని పని చూసి ముచ్చటపడి 1826లో తన తోటకి పెద్ద మాలిగా రమ్మన్నాడు. అప్పటికి పాక్స్‌టన్ వయసు 22. మే 9న తెల్లవారుజామున నాలుగున్నరకి చాట్స్‌వర్త్ చేరాడు. ఇంకా ఎవరూ లేవలేదు. గేటు ఎక్కి లోపలికి దూకి తోటంతా తిరిగి చూసుకున్నాడు, ఆరింటికి పనివాళ్ళకి పనులు పురమాయించాడు, ఫౌంటెన్ల నీళ్ళు విప్పించి చూశాడు. ఆ తర్వాత ఇంటి వ్యవహారాలు చూసే ఆవిడతోనూ ఆవిడ మేనకోడలు సారాతోనూ కలిసి టిఫిన్‌కి కూర్చున్నాడు. సారాతో ప్రేమలో పడ్డాడు, ఆ తర్వాత పెళ్ళీ చేసుకున్నాడు. తొమ్మిది కొట్టకముందే చాట్స్‌వర్త్‌లో తన మొదటి పొద్దు పని ముగిసిందని అతనే రాసుకున్నాడు.

ఈ కథ విన్న పిల్లలు మర్నాడు కారు దిగగానే "పాక్స్‌టన్ దూకిన గేటు ఏదమ్మా?" అని అడుగుతారు. ఇక మీరు బతిమాలి తిప్పక్కర్లేదు.

6. పొద్దున: ఇల్లు

ఇల్లు పొద్దున్నే చూసేయండి. పిల్లలు అప్పుడే కాస్త నిమ్మళంగా ఉంటారు, పెద్దవాళ్ళ కాళ్ళూ తాజాగా ఉంటాయి. మధ్యాహ్నం తోటలో పరిగెత్తి వచ్చిన పిల్లాణ్ణి "ఏదీ ముట్టుకోకు" అంటూ పాత కుండీల మధ్య నడిపించడం కంటే పెద్ద టెన్షన్ లేదు. దీనికి ఒకటే మినహాయింపు. పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన అని వాతావరణ కబురు గట్టిగా చెప్తుంటే మాత్రం వరస తిరగేయండి.

పుష్‌చైర్‌తో లోపల ఇబ్బంది పడతారు, మెట్లున్నాయి. పసిబిడ్డ ఉంటే ఒంటికి కట్టుకునే క్యారియర్ తీసుకెళ్ళండి. గదులు చాలా ఉన్నాయి. ప్రతి బొమ్మ దగ్గరా, ప్రతి బోర్డు దగ్గరా ఆగితే రెండు గంటలు పడుతుంది, పిల్లలతో గంట, గంటంపావు చాలు. నేను నాలుగు చోట్లే ఆపుతాను.

మొదటిది పెయింటెడ్ హాల్. పిల్లల్ని మధ్యలో నిలబెట్టి తల పైకెత్తమనండి. పైకప్పు నిండా జూలియస్ సీజర్ కథ.

రెండోది మ్యూజిక్ రూమ్‌లోని వయొలిన్, నన్నడిగితే ఆ ఇంట్లో అన్నిటికంటే విలువైన నిమిషం అక్కడే. ఒక తలుపు తెరిచి ఉంటుంది, దాని వెనక ఇంకో తలుపు, ఆ తలుపుకి మేకుకి తగిలించినట్టు వయొలిన్, కమాను. నిజానికి అక్కడ వయొలిన్ లేదు. 1720ల్లో యాన్ వాండర్‌వార్ట్ అనే చిత్రకారుడు చెక్క మీద వేసిన బొమ్మ అది. వయొలిన్ నీడ కూడా రంగే. మా పాప కుడివైపు వంగి చూసింది, ఎడమవైపు వంగి చూసింది, కింద కూర్చుని చూసింది. మా మామ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి ఇద్దరూ కలిసి అక్కడ నిలబడి ఉన్న ఉద్యోగినే అడిగారు. బొమ్మే అని ఆవిడ చెప్పాక కూడా మా మామ పూర్తిగా నమ్మలేదు. ముందే "అది బొమ్మ" అని మీరు చెప్పేయకండి.

మూడోది ఆ పెద్ద పెద్ద గదులే, కానీ వాటిని ఒక కథతో చూడండి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఇలాంటి ఇళ్ళని సైన్యం తీసుకునేది. సైనికుల కంటే ఆడపిల్లలైతే ఇల్లు పదిలంగా ఉంటుందని అప్పటి డ్యూక్ వేల్స్‌లోని పెన్రోస్ కాలేజీ అనే బాలికల బడిని పిలిచి ఇల్లు అప్పగించాడు. 1939 నుంచి 1946 దాకా ఆ పిల్లలు అక్కడే చదువుకున్నారు. రాజులు వచ్చినప్పుడు ఉండడానికని కట్టించిన గదుల్లో వరసగా మంచాలు వేసుకుని పడుకున్నారు. మన పిల్లల్ని "నువ్వైతే ఏ మూల మంచం వేసుకుంటావు?" అని అడిగి చూడండి, ఆ గదిని వాళ్ళు మర్చిపోరు.

నాలుగోది చివర్లో వచ్చే శిల్పాల గది. అక్కడ రఫేల్ మోంటీ చెక్కిన ముసుగు కన్య ఉంది. పాలరాతిలో పల్చటి మేలిముసుగు, దాని వెనక ముఖం కనిపిస్తుంది. మన గుళ్ళలో నల్లరాతి మీద నగల నొక్కులు చూసి పెరిగిన మా అత్త దాని ముందు చాలాసేపు నిలబడి, "చెక్కినోడి చేతులకి దండం పెట్టాల" అంది.

బయటికొస్తుంటే పెద్దవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంత ఆస్తి ఉన్నవాళ్ళకి టికెట్లు అమ్ముకునే అవసరమేంటి?" దానికి జవాబు మీ దగ్గర ఉండాలి. పదో డ్యూక్ తన ఆస్తిని ముందే కొడుక్కి వచ్చే ఏర్పాటు చేశాడు. కానీ వారసత్వ పన్ను తప్పాలంటే ఆ తర్వాత అయిదేళ్ళు బతకాలి. 1950 నవంబరులో ఆయన హఠాత్తుగా పోయాడు. గడువుకి ఇంకా 14 వారాలే ఉంది. ఆస్తి విలువలో 80 శాతం పన్ను పడింది. భూములు, బొమ్మలు, పుస్తకాలు అమ్మారు, బెస్ కట్టించిన హార్డ్‌విక్ హాల్‌నే పన్ను కింద ఇచ్చేశారు. ఈ ఇల్లు నిలబెట్టుకున్నారు.

7. మధ్యాహ్నం: ముందు తిండి, తర్వాత తోట

పన్నెండు దాటకుండానే తినేయండి. ఒంటిగంటకి అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది, నీడలో మంచి చోట్లన్నీ నిండిపోతాయి. బాత్రూముల పని ఇంటి దగ్గర, గుర్రపుశాలల దగ్గర పూర్తి చేసుకున్నాకే తోట లోపలికి వెళ్ళండి. 105 ఎకరాల్లో మధ్యలోంచి వెనక్కి రావడం పిల్లలతో కష్టం.

తోటలో నీటి వెంట నడవమని నా సలహా. ఈ ఎస్టేటులో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది అక్కడి నీళ్ళే. కొండ మీద చెరువులు తవ్వి నిలవ చేసిన నీళ్ళు ఏ పంపూ లేకుండా, కేవలం పల్లానికి పారే గుణంతోనే తోటలో ఆడతాయి. చెరువు కింద ఆయకట్టు చూసిన మన పెద్దవాళ్ళకి ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

ఇంటికి దక్షిణాన పొడవాటి కాలువ లాంటి కొలను, అందులో ఎంపరర్ ఫౌంటెన్. రష్యా చక్రవర్తి మొదటి నికోలస్ వస్తాడని ఆరో డ్యూక్ దీన్ని కట్టమన్నాడు, పాక్స్‌టన్ కట్టాడు. పైన కొండ మీద ఎనిమిది ఎకరాల చెరువు ఆరునెలల్లో తవ్వించాడు, రాత్రిళ్ళు కాగడాల వెలుగులో కూడా పని సాగింది. 1844లో పూర్తయింది. నీళ్ళు 296 అడుగుల ఎత్తుకి లేచినట్టు లెక్క రాసి పెట్టారు. చక్రవర్తి మాత్రం రానేలేదు. ఇప్పుడు ఫౌంటెన్‌ని అంత ఎత్తున వదలరు, రోజంతా కూడా వదలరు, కాబట్టి ఎప్పుడు ఆడుతుందో లోపలికి వెళ్ళేటప్పుడే అడగండి. గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడండి. గాలి వాలున నిలబడితే నీటి తుంపర పన్నీరు చల్లినట్టు ముఖం మీద పడుతుంది. మా అత్త కావాలనే అటు వెళ్ళి నిలబడింది.

వాలు మీద మెట్లమెట్లుగా దిగేది క్యాస్కేడ్. 1690ల్లో ఫ్రెంచి ఇంజనీరు గ్రియే కట్టింది, తర్వాత కొన్నేళ్ళకే దాన్ని ఇంకా పొడిగించారు. మొత్తం 24 అంచెలు, ఒక్కొక్క అంచె కొలత వేరు. అందుకే నీళ్ళు పారేటప్పుడు పై మెట్టు దగ్గర వినిపించే చప్పుడు కింద మెట్టు దగ్గర ఉండదు. ఈ మధ్య మరమ్మతుల కోసం నీళ్ళు ఆపారు, మీరు వెళ్ళేనాటికి పారుతున్నాయో లేదో పిల్లలకి మాటిచ్చే ముందే చూసుకోండి.

దగ్గర్లోనే పొదల మధ్య ఆకుల్లేని చెట్టొకటి కనిపిస్తుంది. రాగితో చేసిన విల్లో చెట్టు, కొమ్మల చివర్ల నుంచి నీళ్ళు చిమ్ముతుంది. మొదటి చెట్టు 1690ల నాటిది, పాడైన కొద్దీ మార్చుతూ వచ్చారు. విక్టోరియా రాణి పదమూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు 1832లో ఇక్కడికొచ్చి దీన్ని చూసి ముచ్చటపడింది. ఏ కుటుంబంలోనైనా తడిసేవాడు ఒకడుంటాడు. మీరు తెచ్చిన రెండో జత బట్టలు వాడికే.

అక్కడి నుంచి చిట్టడవి ఆటకి వెళ్ళండి. 1,209 యూ మొక్కలతో 1962లో నాటిన మేజ్ అది. మధ్యకి చేరడం పిల్లలకి పెద్ద విజయం. అయితే ఆ స్థలం కథ ఇంకా పెద్దది. అక్కడ ఒకప్పుడు పాక్స్‌టన్ కట్టిన పెద్ద గాజు మహలు ఉండేది. 277 అడుగుల పొడవు, 123 అడుగుల వెడల్పు. లోపల వేడి దేశాల చెట్లు పెరిగేవి, దాని మధ్యలోంచి గుర్రపు బండి నడిచేది. వేడి కోసం నేల కింద బాయిలర్లు, వాటికి బొగ్గు చేరవేయడానికి కంటికి కనపడకుండా సొరంగం. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరక్క చెట్లన్నీ చచ్చిపోయాయి, 1920లో మహలుని పేల్చేశారు. ఆ సొరంగం మాత్రం ఉంది. తెరిచి ఉంటే పిల్లల్ని అందులోంచి నడిపించండి, చీకట్లో చేతులు పట్టుకుని కేకలు పెట్టుకుంటూ.

కాళ్ళలో ఇంకా ఓపికుంటే పాక్స్‌టన్ పేర్చిన రాళ్ళ తోట చూడండి. లేకపోతే వదిలేయండి, దాని కోసం ఎవరినీ ఈడ్చుకెళ్ళక్కర్లేదు.

8. అరటిపండు తినే చోటు

తోటలోంచి తిరిగొచ్చే దారిలో, గోడ వెంట మెట్లమెట్లుగా ఎక్కుతూ పోయే పొడవాటి గాజు అరలు కనిపిస్తాయి. వాటి దగ్గరో, ఇంకే గాజు ఇంటి దగ్గరో ఒక బెంచీ చూసుకుని పెద్దవాళ్ళని కూర్చోబెట్టండి. సంచిలోంచి అరటిపళ్ళు తీయండి.

పాక్స్‌టన్ మారిషస్ నుంచి వచ్చిన ఒక పొట్టి అరటి పిలకని ఇక్కడి వేడి గదిలో పెంచాడు. 1835 నవంబరులో అది పువ్వు వేసింది. మరుసటి ఏడాది మే నెలకి గెలకి వందకు పైగా కాయలు. లండన్ ఉద్యాన సంఘం ప్రదర్శనలో దానికి పతకం వచ్చింది. డ్యూక్ ఇంటిపేరు మీద దానికి మూసా కావెండిషీ అని పేరు పెట్టారు. అరటి పుట్టిల్లు మన ఆసియానే, కానీ ఆ పేరు మాత్రం ఈ తోటలో పుట్టింది. తర్వాత వందేళ్ళకి, ప్రపంచమంతా ఎగుమతి అయ్యే గ్రో మిషెల్ అనే రకాన్ని పనామా తెగులు తుడిచిపెట్టేస్తే, 1950లు, 60ల్లో దాని స్థానంలోకి వచ్చింది ఈ కావెండిష్ జాతే. ఇంగ్లండ్ సూపర్ మార్కెట్లో మీరు కొనే పచ్చటి అరటిపండు అదే. కడప, అనంతపురం జిల్లాల్లో రైతులు వేసే జి9, అంటే గ్రాండ్ నైన్, అదీ కావెండిష్ రకమే.

మా మామది పులివెందుల వైపు ఊరు. డ్రిప్ వేసి ఏళ్ళ తరబడి జి9 పండించినవాడు. ఈ కథ చెప్పి చేతిలో పండు పెడితే వెంటనే తినలేదు. తొడిమ దగ్గర వేలితో నొక్కి చూశాడు, తిప్పి అంచులు చూశాడు, వలిచి సగానికి విరిచి లోపల చూశాడు. "మన కాయేనమ్మా ఇది. రెండు రోజులు ముందే కోసినారు, అంతే" అన్నాడు. ఆ తర్వాత మా పాపని పక్కన కూర్చోబెట్టుకుని పిలక ఎలా నాటాలో, గెల బరువుకి చెట్టు పడిపోకుండా పోటు ఎలా పెట్టాలో, గాలివాన వస్తే ఒక్క రాత్రిలో తోటంతా ఎలా పడుకుంటుందో అరగంట సేపు చెప్పాడు. దానికి సగం తెలుగు మాటలు అర్థం కాలేదు. కాకపోతే ఆపి ఆపి అడిగింది. నేను టైమ్ చూసుకోవడం మానేశాను.

మీవాళ్ళు అరటి రైతులు కాకపోవచ్చు. వాళ్ళకి తెలిసిన పని ఏదో ఒకటి ఈ ఎస్టేటులో ఎక్కడో అక్కడ కనిపిస్తుంది. గొర్రెలు, గోడ రాయి, చెరువు కట్ట, పాలు పితకడం, కుట్టుపని. అది కనిపించినప్పుడు ఆగి వాళ్ళని మాట్లాడనివ్వండి.

9. చివరికి మాత్రమే: పశువుల కొట్టం, ఆటస్థలం

ఫార్మ్‌యార్డ్ పిల్లల కోసం 1973లో తెరిచారు. కోళ్ళు, మేకలు, పందులు, ఆవులు. పాలు పితికి చూపించే టైమ్ ఒకటుంది, వెళ్ళగానే కనుక్కోండి. పక్కనే ఎక్కడానికీ జారడానికీ ఇసుకలో నీళ్ళతో ఆడుకోవడానికీ పెద్ద ఆటస్థలం.

ఇక్కడికి పొద్దున్నే వెళ్ళకండి. మేము మొదటిసారి చేసిన తప్పు అదే. పిల్లలు సరదాపడ్డారు కదా అని ముందు ఇటు తీసుకొచ్చాం, ఇంక వాళ్ళు కదల్లేదు. ఇల్లూ లేదు, తోటా లేదు, కొన్న టికెట్లన్నీ వృథా. మూడు దాటాక తీసుకురండి. పెద్దవాళ్ళు బెంచీ మీద టీ తాగుతూ కూర్చుంటారు, పిల్లలు మిగిలిన ఓపికంతా ఇక్కడ ఖర్చు చేసి కారెక్కగానే నిద్రపోతారు. జంతువుల్ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగించడం మర్చిపోవద్దు, శానిటైజర్ ఒక్కటే సరిపోదు.

మూడేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళు మాత్రం నా వరస పక్కన పెట్టి కొట్టం, తోట మాత్రమే చూడండి. ఇల్లు ఇంకో ఏడాది చూడచ్చు.

10. వెళ్ళే ముందు

కారు తీసి తిన్నగా హైవే వైపు తిప్పకండి. నదికి అవతల ఎడెన్సర్ అనే ఊరుంది, అక్కడివాళ్ళు "ఎన్‌జర్" అంటారు. ఆరో డ్యూక్ పార్కు కోసమని పాత ఊరిని జరిపించి పాక్స్‌టన్ చేత కట్టించిన ఊరు, ఏ రెండు ఇళ్ళూ ఒక్కలా ఉండవు. చర్చి వెనక వాలు మీద పాక్స్‌టన్ సమాధి ఉంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు కాథ్లీన్‌ది కూడా అక్కడే, ఆమె ఈ ఇంటి కోడలు. 1963 జూన్‌లో కెనెడీ ఇక్కడికొచ్చి చెల్లెలి సమాధి చూసి వెళ్ళాడు. రాత్రి పాక్స్‌టన్ కథ విన్న పిల్లలు మెలకువగా ఉంటే రెండు నిమిషాలు చూపించండి, నిద్రపోతే లేపకండి.

ఎండ ఉన్న సాయంత్రమైతే ఒక పని చేయండి. ఇంటి పడమటి ముఖం కనిపించేలా నదికి ఎడెన్సర్ వైపు ఒడ్డున, రాతి వంతెన దగ్గర నిలబడండి. ఆ కిటికీ చట్రాలకి బంగారు రేకు పూసి ఉంది. పొద్దు వాలి ఎండ ఏటవాలుగా తగిలినప్పుడు కిటికీలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, పది నిమిషాలు అలాగే ఉండి తగ్గిపోతాయి. ఫ్లాస్కులో మిగిలిన టీ అప్పటికి దాచుకోండి.